మార్క్ ట్వేన్ అమ్మిన ఖాళీ పుస్తకం

మార్క్ ట్వేన్ పేరు మీద అమ్ముడైన పుస్తకాల్లో ఒకదాంట్లో కథ లేదు, వ్యాసం లేదు, ఒక్క వాక్యమైనా లేదు. రెండు అట్టల మధ్య తెల్ల కాగితాలు, వాటి మీద ముందే పూసి ఆరబెట్టిన జిగురు చారలు, అంతే. 1885లో సెయింట్ లూయిస్ పత్రిక ఒకటి వేసిన లెక్క ప్రకారం ఆయన మిగతా పుస్తకాలన్నీ కలిసి 2 లక్షల డాలర్లు తెచ్చిపెడితే, ఈ ఖాళీ పుస్తకం ఒక్కటే 50 వేలు తెచ్చింది.

ఈ సంగతి ఒక సాయంత్రం, బాగా అలసిపోయి ఉన్నప్పుడు కంటబడింది. లావుపాటి పుస్తకం తెరిచే ఓపిక లేనప్పుడు మనందరం చేసే పనే నేనూ చేస్తున్నాను. ఫోనులో అక్కడో ముక్క ఇక్కడో ముక్క చదవడం, మురిపించేది కనిపిస్తే తెలిసినవాళ్లకు పంపడం. దీన్నీ పంపాను. ఒక మిత్రురాలు వెంటనే అడిగింది: "బాగుంది గానీ, అన్ని పుస్తకాలు కొనుక్కుని జనం ఏం అంటించేవాళ్లు?" ఆ ప్రశ్న పట్టుకుని వెళ్తే తేలిందేమిటంటే, నేను ఆ సాయంత్రం చేస్తున్న పనినే వాళ్లు కత్తెరతో, జిగురుతో చేసేవాళ్లు.

ట్వేన్‌కు ఈ ఆలోచన 1872 ఆగస్టులో వచ్చింది. అన్న ఓరియన్‌కు ఉత్తరం రాసి మరీ చెప్పాడు. అప్పటికి అమెరికాలో ఇంటింటా పత్రికల ముక్కలు కత్తిరించి స్క్రాప్‌బుక్కుల్లో అంటించి దాచే అలవాటు పాకిపోయి ఉంది. చిక్కల్లా జిగురుతోనే. పిండి ఉడికించి చేసుకున్న జిగురు రెండ్రోజులకే పులిసిపోతుంది. సీసాలో కొన్నది మూత దగ్గరే గట్టిపడిపోతుంది. పలచనైతే కాగితం నాని అక్షరాలు అలుక్కుపోతాయి, చిక్కనైతే పేజీ ఉబ్బి పుస్తకం మూతపడదు. ట్వేన్ ఉపాయం చాలా సులువైనది. తపాలా బిళ్ల వెనక జిగురున్నట్టే పేజీ మీదనే వరుసగా జిగురు చారలుంటాయి. ముక్క ఎంత ఉందో అంతమేర చారలు తడిపి, ముక్కను ఒత్తేస్తే సరి. 1873 జూన్ 24న దీనికి పేటెంటు వచ్చింది. నంబరు 1,40,245.

తయారీ, అమ్మకం చూసుకున్నది డాన్ స్లోట్. 1867లో 'క్వేకర్ సిటీ' ఓడలో ట్వేన్ యూరప్, పాలస్తీనా తిరిగొచ్చినప్పుడు ఒకే గదిలో ప్రయాణం చేసిన స్నేహితుడు. న్యూయార్క్‌లో అతనికి ఖాళీ పుస్తకాలు తయారుచేసే కంపెనీ ఉండేది. ప్రకటనలో వేసుకోవడానికి ట్వేన్ అతనికొక ఉత్తరం రాసిచ్చాడు. జిగురు దొరక్క జనం తిట్టే తిట్లు ఈ పుస్తకంతో దేశానికి ఆదా అవుతాయన్నది అందులో సారాంశం.

ట్వేన్ తలకెత్తుకున్న యంత్రాలన్నిటిలోనూ లాభం చూపించింది ఇదొక్కటే అనుకోవచ్చు. పేజ్ అనే ఆయన కనిపెట్టిన అక్షరాలు కూర్చే యంత్రంలో దాదాపు 3 లక్షల డాలర్లు పోసి, 1894లో దివాలా తీశాడు. ఆ అప్పులు తీర్చడానికే ప్రపంచమంతా ఉపన్యాస యాత్ర చేశాడు, 1896లో మన దేశానికీ వచ్చాడు. వేలాది విడి భాగాలున్న యంత్రం ముంచేసింది, గీతలు గీసినట్టు జిగురు పూసిన కాగితం నిలబెట్టింది.

మరి ఇన్ని ముక్కలు ఎక్కడినుంచి వచ్చేవి? ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే కనుక కాస్త విస్తరంగా చెబుతాను.

1792లో అమెరికా తపాలా చట్టం పత్రికా సంపాదకులకు ఒక వెసులుబాటు కల్పించింది. ఒక పత్రిక మరో పత్రికకు తన ప్రతిని తపాలా ఖర్చు లేకుండా పంపుకోవచ్చు. వార్తా సంస్థలు లేని కాలం అది. బోస్టన్‌లో ఏం జరిగిందో ఒహాయోలో తెలియాలంటే బోస్టన్ పత్రిక రావాలి, వచ్చాక అందులోంచి ఎత్తి అచ్చువేసుకోవాలి. ఎంత చిన్న ఊరి సంపాదకుడి బల్ల మీదైనా ఏడాదికి వేల ప్రతులు వచ్చిపడేవి. పెద్ద పత్రికల్లోనైతే వీటిని తిరగేసి పనికొచ్చేది కత్తిరించడానికే ఒక ఉపసంపాదకుడు ఉండేవాడు. అతని సాధనాలు పొడుగాటి కత్తెర, జిగురు డబ్బా, కుంచె. సొంతంగా రాయడం కన్నా మంచి ముక్కను పసిగట్టడమే పెద్ద నేర్పని అప్పటి పత్రికలవాళ్లు నమ్మేవారు. ఆ నేర్పు అంత తేలికైనది కాదని నేనూ నమ్ముతాను.

కత్తిరించుకున్నవి ఒక్క వార్తలే కావు. పద్యాలు, ఛలోక్తులు, వంట చిట్కాలు, రెండు తలల దూడలు, నూరేళ్లు దాటిన ముసలమ్మలు, రైలుబండిలో జరిగిన పెళ్లిళ్లు. పేజీలో రెండంగుళాల జాగా మిగిలితే రెండంగుళాల వింత కావాలి. అలాంటి ముక్క ఒక పత్రికలో పుట్టి, పది పత్రికల్లో తిరిగి, ఏడాది తర్వాత కొత్తదాన్లా పుట్టింటికే వచ్చి చేరేది. ఎడ్గార్ ఎలన్ పో రాసిన 'ది రేవెన్' 1845 జనవరి చివర న్యూయార్క్‌లో ఒక సాయంకాలపు పత్రికలో వచ్చింది. చూస్తుండగానే ఊరూరా పత్రికలు దాన్ని ఎత్తి వేసుకున్నాయి. దేశమంతా కాకి పద్యం చదివి పో పేరు చెప్పుకుంది. కవి చేతికి వచ్చింది మాత్రం ఏ పాటీ కాదు. అయినా ఆయన అదృష్టవంతుడే, పేరైనా మిగిలింది. మూడో పత్రికకో నాలుగో పత్రికకో చేరేసరికి, జాగా చాలక అడుగున రచయిత పేరున్న పంక్తిని కోసేసిన పద్యాలు లెక్కలేనన్ని. అవి ఎంతోమంది స్క్రాప్‌బుక్కుల్లో అనాథల్లా ఉండిపోయాయి. నాకు బాధ కలిగేది ఇక్కడే. పదిమంది ఎత్తి రాసుకోవడం వల్ల ఏ రచనకూ చెరుపు జరగలేదు, పేరున్న ఆ చివరి పంక్తి పోవడం వల్ల జరిగింది.

ఉచిత తపాలా వెసులుబాటు 1873లో రద్దయింది. ట్వేన్‌కు పేటెంటు వచ్చిందీ ఆ ఏడాదే. సంపాదకుల కత్తెర జోరు తగ్గడం మొదలైన కాలంలో పాఠకుల కత్తెర మార్కెట్లోకి వచ్చిందన్నమాట.

ఒక ముక్క మనిషిని పట్టుకుంటే ఎలా ఉంటుందో ట్వేన్ కన్నా బాగా చెప్పినవాళ్లు లేరు. 1876 ఫిబ్రవరి 'అట్లాంటిక్' మాసపత్రికలో ఆయనదొక చిన్న హాస్య కథ వచ్చింది. గుర్రాలు లాగే ట్రాముల్లో కండక్టర్లకు పెట్టిన నోటీసు ఒకటుండేది. ఏ చార్జీకి ఏ రంగు టికెట్టుకు చిల్లు కొట్టాలన్నది దాని విషయం. న్యూయార్క్ పత్రికలవాళ్లు కొందరు దాన్ని సరదాకు పాటగా కట్టారు. ట్వేన్ కథలో కథకుడు పొద్దున్నే పత్రికలో ఆ పాట చదువుతాడు. ఇక అది బుర్రలోంచి పోదు. తిండి సహించదు, పని సాగదు, నిద్ర పట్టదు. రెండ్రోజుల తర్వాత పాదిరీ స్నేహితుడితో నడకకు వెళ్లి, ఆయనకు ఆ పాట వినిపిస్తాడు. అంతే, తనకు విముక్తి! రోగం పాదిరీకి అంటుకుంటుంది. ఆయన ఒకరి అంత్యక్రియల్లో చేసిన ప్రసంగం కూడా ఆ పాట లయలోనే సాగి, విన్నవాళ్లు తలలూపడం మొదలెడతారు. చివరికి ఆయన్ను కాపాడటానికి ఆ పాటను తీసుకెళ్లి విశ్వవిద్యాలయపు కుర్రాళ్లకు అంటగడతారు. పొద్దున్న చూసిన తమాషా వీడియో ఎవరికో ఒకరికి పంపితేగాని స్థిమితంగా ఉండలేని మనిషి బొమ్మను ట్వేన్ 150 ఏళ్ల కిందటే గీసి పెట్టాడు. 1878లో ఈ కథతో, మరికొన్ని రచనలతో డాన్ స్లోట్ కంపెనీయే చిన్న పుస్తకం వేసింది. లోపల జిగురు పుస్తకానికి ప్రకటనలూ ఉన్నాయి.

ట్వేన్ పుస్తకం కొనలేనివాళ్లు ఏం చేశారన్నది ఇంకా బాగుంటుంది. ఇంట్లో ఎవరూ చదవని పుస్తకం ఒకటి తీసుకుని దాని మీదనే అంటించేవాళ్లు. ఇందుకు ఎక్కువగా బలైనవి ప్రభుత్వం ఉచితంగా పంచిన పేటెంటు కార్యాలయపు వార్షిక నివేదికలు. గట్టి అట్ట, మంచి కాగితం, ఇంటికే వచ్చేవి. ఈనాటికీ పాత గ్రంథాలయాల్లో అలాంటివి కనిపిస్తాయి. పేజీ నిండా విరహ గీతాలుంటాయి, ముక్క ఊడిన మూలలోంచి నాగలి బొమ్మో నూర్పిడి యంత్రం పళ్లచక్రమో తొంగిచూస్తుంది.

ఇదంతా పొద్దుపోని వ్యవహారం అనుకునేవాళ్లకు ఫిలడెల్ఫియాలోని విలియం డార్సీ గురించి చెప్పాలి. తండ్రి బానిసగా పుట్టి, స్వతంత్రుడై, విందులు ఏర్పాటు చేసే వ్యాపారంలో నగరమంతటా పేరు తెచ్చుకున్నాడు. కొడుకు చిత్రకారుడు. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఈయన దాదాపు 400 స్క్రాప్‌బుక్కులు నింపాడు. నల్లవారి గురించి ఏ పత్రికలో ఏం వచ్చినా వదల్లేదు: పెళ్లి, చావు, సంగీత కచేరీ, న్యాయస్థానం, దొమ్మీ, కొత్త బడి. తెల్లవాళ్ల పత్రికల్లో మూలకు పడేసిన నాలుగు పంక్తులను పక్కపక్కన అంటించుకుంటూ పోతే ఒక నగరంలోని ఒక జాతి చరిత్ర తయారైంది. ఆ పుస్తకాలు చేనీ విశ్వవిద్యాలయంలో చాలాకాలం పడి ఉండి, 1970ల్లో చరిత్రకారుల కంటబడ్డాయి. డార్సీ లేకపోతే ఆ సంగతుల్లో చాలావాటికి వేరే దిక్కు లేదు.

ట్వేన్‌కే మాత్రం వేరే దిక్కుందా? 'మార్క్ ట్వేన్' అన్న సంతకం మొదట కనిపించింది 1863 ఫిబ్రవరిలో, నెవాడాలోని 'టెరిటోరియల్ ఎంటర్‌ప్రైజ్' పత్రికలో. ఆ పత్రిక పాత సంచికల నిల్వ నాశనమైపోయింది. ఆయన అక్కడ రాసినవాటిలో ఇవాళ దొరుకుతున్నవి రెండు దారుల్లో బతికాయి. కుటుంబంలోవాళ్లు కత్తిరించి అంటించుకున్నవి కొన్ని, వేరే ఊళ్ల పత్రికలు ఎత్తి వేసుకున్నవి కొన్ని.

ఈ పిచ్చిని పూర్తిస్థాయి వ్యాపారం చేసినవాడు ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో దొరుకుతాడు. జార్జ్ న్యూన్స్ సరుకులు అమ్మే ఉద్యోగి. ఒక సాయంత్రం పత్రికలో రైలు సంఘటన ఒకటి ఉత్కంఠగా రాసి ఉంటే భార్యకు చదివి వినిపించాడట. ఇలాంటి ముక్కలే ఉన్న పత్రిక ఒకటి ఎందుకు లేదన్న ప్రశ్న అప్పుడే పుట్టిందని చెబుతారు. ఆ పత్రిక పెడతానంటే అప్పిచ్చేవాళ్లు దొరకలేదు. మాంచెస్టర్‌లో ఒక శాకాహార భోజనశాల తెరిచి, దాంట్లో వచ్చిన డబ్బుతో 1881 అక్టోబరు 22న 'టిట్-బిట్స్' మొదలుపెట్టాడు. ప్రపంచంలోని పుస్తకాలు, పత్రికలన్నిటిలోంచి ఏరిన ముక్కలంటూ పేరులోనే చాటుకుంది. వెల ఒక పెన్నీ.

చదివింది ఎవరు? పొద్దున్న రైలెక్కి పనికి వెళ్లి, రాత్రికి రైల్లో కునికిపాట్లు పడుతూ ఇంటికి చేరే గుమాస్తాలు, కొత్తగా బడి చదువు అబ్బిన కార్మికులు. వాళ్లకు దొరికే తీరిక రెండు స్టేషన్ల మధ్య దూరమంత. ముక్కలు కూడా ఆ కొలతకే ఉండేవి. రైలు ప్రమాదంలో చనిపోయిన మనిషి దగ్గర ఆ వారం ప్రతి దొరికితే కుటుంబానికి 100 పౌండ్లు ఇస్తామని న్యూన్స్ ప్రకటించాడు, ఇచ్చాడు కూడా. పండితులు ఈ పత్రికను ఈసడించుకున్నారు, జనానికి నిలకడగా చదివే శక్తి పోతుందని. ఆ మాట ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన మనిషి ముందు ఉన్నది టిట్-బిట్స్‌కూ తత్త్వగ్రంథానికీ మధ్య ఎంపిక కాదు, టిట్-బిట్స్‌కూ ఏమీ చదవకపోవడానికీ మధ్య ఎంపిక. నేను గుమాస్తా పక్షమే.

ఈ ముక్కల డబ్బుతోనే న్యూన్స్ 1891లో 'స్ట్రాండ్ మ్యాగజైన్' పెట్టాడు. ఆ ఏడాది జూలై నుంచి అందులో షెర్లాక్ హోమ్స్ చిన్న కథలు రావడం మొదలైంది. మరి హోమ్స్ తీరిక వేళల్లో ఏం చేస్తుంటాడో గుర్తుందా? పత్రికల్లోంచి నేర వార్తలు, వ్యక్తిగత ప్రకటనలు కత్తిరించి లావుపాటి పుస్తకాల్లో అంటించుకుంటాడు. కొత్త కేసు రాగానే వాట్సన్ చేత ఆ పుస్తకం తీయిస్తాడు.

అంతకుముందు శతాబ్దాల్లో ఈ పని కలంతో జరిగింది, కత్తెరతో కాదు. కాగితం ఖరీదు, పుస్తకం అపురూపం, కాబట్టి ఎత్తి రాసుకోవడమే. జాన్ లాక్ అంతటి తత్త్వవేత్త 1686లో ఇలా ఎత్తి రాసుకున్నవాటికి అకారాది సూచిక ఎలా వేయాలో ఒక పద్ధతి ప్రచురించాడు. విషయం పేరులో మొదటి అక్షరం, ఆ తర్వాత వచ్చే మొదటి అచ్చు, ఈ రెంటితో గడులు. పుస్తకాన్నే కోసిన ధీరుడు థామస్ జెఫర్సన్. అధ్యక్ష పదవి దిగాక, 1820 నాటికి, గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, ఇంగ్లీషు బైబిళ్లలోంచి క్రీస్తు బోధలను మాత్రం కత్తితో నీటుగా కోసి, నాలుగు భాషలనూ పక్కపక్క వరుసల్లో అంటించుకుని తన కోసమే ఒక సువార్త కూర్చుకున్నాడు. ఇది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్‌లో ఉంది.

ఇంకా వెనక్కి, రెండో శతాబ్దానికి వెళ్తే ఆలస్ గెల్లియస్ అనే రోమన్ పెద్దమనిషి కనిపిస్తాడు. ఏథెన్స్ దగ్గర పల్లెపట్టున దీర్ఘమైన శీతాకాలపు రాత్రుల్లో, చదివినవాటిలో నచ్చినవి రాసుకోవడం మొదలుపెట్టాడు. పని ఒత్తిడిలోంచి తన పిల్లలకు కాస్త విరామం దొరికినప్పుడు సేదతీరడానికి ఇవి పనికొస్తాయని ముందుమాటలో చెప్పుకున్నాడు. వరుస అంటూ లేదు, దొరికిన క్రమమే క్రమం. చిన్నప్పుడు బడిలో చదువుకున్న సింహం కథ మనకు ఆయన పుస్తకం మీదుగానే వచ్చింది. పారిపోయిన బానిస సింహం పాదంలోని ముల్లు తీస్తాడు, తర్వాత గోదాలో అదే సింహం అతన్ని గుర్తుపట్టి కాళ్లు నాకుతుంది. ఇది ఏపియన్ ఈజిప్టు గురించి రాసిన పుస్తకంలో ఉందని గెల్లియస్ పేరుపెట్టి చెప్పాడు. ఏపియన్ పుస్తకం పోయింది. ఎక్కడ చదివాడో ఒక్క మాట రాసిపెట్టడం వల్ల రచయితకూ, కథకూ కూడా ఆయువు దక్కింది. గెల్లియస్ సొంత పుస్తకంలోనే 20 సంపుటాల్లో ఎనిమిదోది పోయి, అధ్యాయాల శీర్షికలు మాత్రం మిగిలాయి. ఊరించి వదిలేసే ఆ శీర్షికలు చదివినప్పుడల్లా నాకు ఉసూరుమంటుంది.

మన వైపు ఈ పని చేసినవాళ్లలో మొదట తలచుకోవాల్సింది శాతవాహన రాజు హాలుణ్ని. కోటి ప్రాకృత గాథల్లోంచి 700 ఏరానన్నది ఆయన మాట. కోటి అన్నది గొప్పకు చెప్పిన అంకె కావచ్చు. పొలం గట్ల మీద, నీళ్ల రేవుల్లో జనం చెప్పుకునే చిన్న చిన్న వలపు మాటలను ఒక రాజు కూర్చుని ఏరాడన్నదే నాకు ముచ్చట. ఈ సప్తశతిని మన శ్రీనాథుడు కుర్రతనంలో తెలుగు చేశాడు, మీసాలు అప్పుడప్పుడే వస్తున్న వయసులో చేశానని తానే కాశీఖండంలో చెప్పుకున్నాడు. ఆ తెలుగు పుస్తకం మనకు దక్కలేదు. దాని పద్యాలని చెప్పుకునే ఒకటి రెండు మాత్రం తర్వాతివాళ్లు ఎత్తి రాసుకోబట్టి మిగిలాయి. ఎవరో చెప్పినవి ఒకరు ఏరితే, అవి ఇంకొకరు తెలుగు చేస్తే, ఆ తెలుగు మరొకరి ఏరికూర్పులో కాసింత బతికింది.

తూర్పున బెంగాల్‌లోని జగద్దల బౌద్ధ విహారంలో విద్యాకరుడనే భిక్షువు 1100 ప్రాంతంలో 'సుభాషితరత్నకోశం' కూర్చాడు. సన్యాసి ఏరిన 1738 శ్లోకాల్లో బుద్ధ స్తుతి కొంతే, శృంగారం, వానాకాలం, పేదరికం, పల్లెల్లో పొద్దుపొడుపు ఎన్నో. విహారం నేలమట్టమైంది. పుస్తకం తాటాకుల మీద టిబెట్‌లోని ఙోర్ మఠంలో దాక్కుంది. 1930ల్లో రాహుల్ సాంకృత్యాయన్ అక్కడికి వెళ్లి ఫోటోలు తీసుకొచ్చారు, 1957లో దామోదర్ కోశాంబి, గోఖలే దాన్ని పరిష్కరించి హార్వర్డ్ నుంచి తెచ్చారు. కోశాంబి గణితశాస్త్రజ్ఞుడు, మార్క్సిస్టు. భిక్షువు ఏరిన ప్రేమ శ్లోకాల మీద ఆయన అంత శ్రమ పడటం కూడా ఈ కథలో నాకు నచ్చిన విషయం.

తెలుగులో మడికి సింగన 'సకలనీతిసమ్మతము' ఉంది. అంతకుముందరి నీతి గ్రంథాల్లోంచి పద్యాలు ఏరి, ఫలానా పుస్తకంలోది అని పేరు చెప్పి కూర్చాడు. అలా చెప్పబట్టే కాకతీయుల కాలపు శివదేవయ్య 'పురుషార్థసారము', 'ముద్రామాత్యము' వంటి పుస్తకాలు ఒకప్పుడు ఉండేవని మనకు తెలుసు, వాటి పద్యాలు కొన్నయినా దక్కాయి. పెదపాటి జగ్గన 'ప్రబంధరత్నాకరము' అలాంటిదే. వర్ణనల వారీగా ఏరి, కవి పేరు, కావ్యం పేరు రాశాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు అందులోంచి దొరకని కావ్యాల పద్యాలను వేరుచేసి 1918లో 'ప్రబంధరత్నావళి'గా వేశారు. చేతి రాతల్లోను, జనం నోళ్లలోను తిరుగుతున్న చాటువులను పోగుచేసి 'చాటుపద్యమణిమంజరి' తెచ్చిందీ ఆయనే. చాటువంటే ఎవరో ఎక్కడో విని, రచ్చబండ దగ్గర మరొకరికి చెప్పి నవ్వించిన పద్యం. నోటి మీదుగా తిరిగినవాటికి ఒక చిక్కుంది. చమత్కారం కనిపిస్తే తెనాలి రామకృష్ణుడికి, దర్జా కనిపిస్తే శ్రీనాథుడికి అంటగట్టేశారు. అసలు చెప్పిన మహానుభావులెవరో ఎవరూ రాసిపెట్టుకోలేదు.

ఇప్పుడు ఫోనులో తిరిగేవాటికీ అదే గతి. నాలుగు మంచి మాటలుంటే కింద అబ్దుల్ కలాం గారి పేరు చేరిపోతుంది. 2018లో వదంతులు నమ్మి మూకలు మనుషుల్ని కొట్టి చంపిన ఘటనల తర్వాత, ఒకసారికి అయిదు చాట్‌లకు మించి పంపడానికి వీల్లేకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది. మరుసటి ఏడాది జనవరిలో ప్రపంచమంతటా అమలు చేసింది. చేతులు మారి వచ్చిందని తెలిపే గుర్తు కూడా 2018లోనే వచ్చింది. ఆ గుర్తు మంచిదే. కానీ ఎవరి చేతిలోంచి బయల్దేరిందో అది చెప్పదు. మనకు కావలసింది అది.

కత్తెర కళ మన ఇళ్లలో బాగా సాగిన రోజులు ఎంతో వెనక లేవు. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల కోసం పోస్టుమ్యాన్‌కు ఎదురెళ్లిన కాలంలో, సీరియల్ అయిపోగానే పాత సంచికలన్నీ ముందేసుకుని, పిన్నులు పైకిలేపి, ఆ పేజీలు మాత్రం చిరగకుండా లాగి, వరుస పెట్టి, బైండింగు షాపులో ఇచ్చేవాళ్లు. తిరిగొచ్చేసరికి క్యాలికో వీపు, గళ్ల కాగితం అట్ట. ఆ బైండు వీధంతా తిరిగేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఒకరు చదువుతుంటే నలుగురు వినేవాళ్లు. సీరియల్‌గా వచ్చి పుస్తకంగా రాని నవలలు తెలుగులో బోలెడు. వాటికి ఈ బైండులే మొదటి ముద్రణ, చివరి ముద్రణ. ఇల్లు మారినప్పుడు ముందుగా పాత పేపర్లవాడి తక్కెడలో పడినవీ ఇవే. ఇంత సాహిత్యాన్ని కిలోల లెక్కన అమ్ముకున్నాం.

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద అలాంటి బైండు ఒకటి నాకు దొరికింది. నాలుగో వారం నుంచి ఉంది. పేజీల వెనక పక్క తలనూనె ప్రకటన, సగం వరకే ఉన్న కార్టూను, గుత్తొంకాయ కూరలో కారం వేశాక ఆగిపోయిన వంటల శీర్షిక. కథ బాగుంది. పెళ్లయిన అక్కను చూడటానికి వెళ్లిన చెల్లెలు ఆ ఇంట్లో ఏం గమనించిందన్నది విషయం. నవల పేరు, రచయిత్రి పేరు ప్రతి భాగానికీ నెత్తిన అచ్చయి ఉండాలి. బైండింగు షాపువాళ్లు అంచులు సమంగా రావాలని మిషను మీద పెట్టి కోసినప్పుడు పైఅంగుళం మొత్తం పోయింది. సగానికి తెగిన అక్షరాల అడుగు భాగాలు కనిపిస్తున్నాయి, చదవడానికి రావు.

మధ్యలో రెండు వారాలు చేతిరాతలో ఉన్నాయి. ఆ సంచికలు ఇంటికి రాలేదేమో, పొరుగింటి ప్రతి తెచ్చి, బడి నోటుపుస్తకం కాగితాల మీద మొత్తం ఎత్తి రాసి కుట్టించింది ఆ ఇల్లాలు. ఇంకు రంగు మూడుచోట్ల మారింది. ఆ కాగితాలు పేజీ కన్నా పొట్టిగా ఉండటంతో కోత వాటి దాకా రాలేదు. పైన పత్రిక పేరు, సంచిక తేదీ వేసి ఉన్నాయి. నవల పేరు రాయాలని ఆవిడకు తోచలేదు, రోజూ నోట్లో నానే పేరు కదా.

పత్రిక, తేదీ తెలిస్తే వెతకడానికి దారి ఉంది. బాపట్ల జిల్లాలో చీరాల దగ్గర వేటపాలెంలో సారస్వత నికేతనం 1918 నుంచి నడుస్తోంది, పాత పత్రికల సంచికలకు పేరుపడ్డ గ్రంథాలయం. వచ్చే నెల అటు వెళ్లే పనుంది. ఆవిడ రాసిన తేదీలు రెండూ చీటీ మీద వేసుకున్నాను. ఆ సంచికలు దొరికితే రచయిత్రి పేరు తెలుస్తుంది, మొదటి మూడు వారాలూ నేను ఎత్తి రాసుకుంటాను.